ఏ సాలోంగో?

మా దేశంలో కవలల్ని కన్న మగవాడికి ఆ రోజు నుంచి సొంత పేరు ఉండదు. సాలోంగో అంటారు, కవలల తండ్రి అని. అతని భార్య నాలోంగో. అది చిన్న గౌరవం కాదు. ఆ తర్వాత ఎవరైనా పాత పేరు పెట్టి పిలిస్తే అతన్ని కించపరిచినట్టే. పిల్లల్లో ముందు పుట్టినవాడు వాస్వా, వెనక పుట్టినవాడు కాటో. ఇవి ఏ వంశానికీ చెందని పేర్లు. మిగతా పేర్లన్నీ వంశాలవారీగా పంచుకున్నవే కాబట్టి, పేరు చెవిన పడగానే మనవాళ్ళు నువ్వు మిడతల వంశమా, పుట్టగొడుగుల వంశమా, కోతి వంశమా ఇట్టే చెప్పేస్తారు. కవలల ఇంటికి మాత్రం దేశమంతటా అవే నాలుగైదు పేర్లు. గౌరవం ఎక్కువైపోయి మనిషి ఆనవాలు లేకుండా పోతాడు. ఎరీసా తాత అలా పోయినవాడే.

ఎరీసా మసాకా చుట్టుపక్కల కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సైకిలు వెనక ఒక చెక్కపెట్టె, అందులో స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా, తోలు బెల్టులు, అరిగిన షటిళ్ళు. ఏ ఊళ్ళో ఏ మిషను ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి తెలిసినంతగా దాన్ని కుట్టేవాళ్ళకు కూడా తెలియదు. పాత కాలం నల్ల మిషను ముందు కూర్చుని చక్రం ఒక్కసారి తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, "దీనికి జబ్బేమీ లేదమ్మా, నీ మీద అలిగింది" అనేవాడు. ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతున్నప్పుడే మెల్లగా అడిగేవాడు, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా అని. ముప్పై ఏళ్ళు అలా అడుగుతూనే ఉన్నాడు.

ఎందుకంటే, చావైనా పెళ్ళైనా నలుగురు చేరిన చోట మనవాళ్ళు లేచి నిలబడి తాతముత్తాతల్ని చెప్పుకోవాలి. నేను ఫలానా, నా తండ్రి ఫలానా, అతని తండ్రి ఫలానా, మాది ఫలానా వంశం, మా పూర్వీకుల గుట్ట ఫలానా. పదేళ్ళ పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్తారు. ఎరీసా వంతు వచ్చేసరికి, "నేను ఎరీసా. నా తండ్రి వాస్వా. అతని తండ్రి సాలోంగో" అని ఆగిపోయేవాడు.

"ఏ సాలోంగో?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

"తెలియదండీ" అని కూర్చునేవాడు.

జనం నవ్వేవాళ్ళు. చెడ్డ నవ్వు కాదు, పాపం అనే నవ్వే. చెడ్డ నవ్వయినా బాగుండేదని ఎరీసాకు అనిపించేది.

అతని తండ్రి వాస్వాకు తన పుట్టుక గురించి తెలిసింది బహు కొద్ది. నిద్రజబ్బు అనే మహమ్మారి వచ్చి, సరస్సులోని సెసె దీవుల్ని ఖాళీ చేయించిన ఏడాది అతనికి రెండేళ్ళు. పడవలో ఇవతలి ఒడ్డుకు తెచ్చి, క్రైస్తవ మిషన్ పంతులు ఇంట్లో వదిలిపెట్టారు. పంతులు పెంచాడు. తోడుగా పుట్టిన కాటో ఆ పడవలోనే ఎగిరిపోయాడని మాత్రం పంతులు ఒకసారి చెప్పాడట. కవలలు చనిపోయారని మనం అనం, ఎగిరిపోయారంటాం. అది కూడా గట్టిగా అనం. వాస్వా తన జీవితంలో ఆ సంగతి కొడుక్కి ఒక్కసారే, అదీ పొలంలో, ఎవరూ లేనప్పుడు చెప్పాడు.

పోయే ముందు వాస్వా అడిగింది ఒక్కటే. "మా నాన్న పేరు కనుక్కోరా. అక్కడికెళ్ళాక ఆయన్ని ఎట్లా పిలవను? సాలోంగో అంటే వందమంది వెనక్కి తిరుగుతారు."

ఎరీసా ముందుగా మిషన్ చర్చికి పోయాడు. అక్కడ బాప్తిస్మాల పాత రిజిస్టరు ఉంది. ఇవాళ కాదు రేపంటూ తిప్పీ తిప్పీ, చివరికి ఆ చర్చి ఫాదరు గారు తన గౌన్లు కుట్టే మిషను కదలకుండా పోయిన రోజున బీరువా తెరిచారు. చెదలు తినగా మిగిలిన కాగితాల్లో ఆ పేజీ ఉండనే ఉంది. ఎరీసా చేతులు తుడుచుకుని దగ్గరికి జరిగాడు. బిడ్డ పేరు: యొజెఫు వాస్వా. తండ్రి పేరు: సాలోంగో. తల్లి పేరు: నాలోంగో. రాసిన మహానుభావుడు గౌరవానికి లోటు రానివ్వలేదు. ఎరీసా ఆ మూడు వరసల్నీ చాలాసేపు చూసి, "బాగా రాశారు ఫాదర్" అని బయటికి వచ్చి, సైకిలు పట్టుకుని గుట్ట దిగేదాకా నడుస్తూనే ఏడ్చాడు.

అతని భార్య లోసీరాది మిడతల వంశం. ఏ వంశం వాళ్ళకు ఆ వంశపు జీవి తోబుట్టువు కింద లెక్క, తినకూడదు. నవంబరులో మిడతలు దిగినప్పుడు మసాకా అంతా వేపుడు వాసనే. ఎరీసాకు అవంటే ప్రాణం. ఆమె ఇంట్లో వండదు కాబట్టి పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని తనే వేపుకునేవాడు. "మా అన్నదమ్ముల్ని నువ్వు తింటుంటే నేను చూడలేను" అని లోసీరా ముఖం తిప్పుకుని పక్కింటికి పోయేది. వంశం తెలియనివాడికి పిల్లనిచ్చింది ఆమె తండ్రి. బడిపంతులు, చర్చి మనిషి. దేవుడి ముందు వంశాలేమిటి అన్నాడు. ఆమె అన్న దమియానో మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"నిన్ను బావా అనాలో తమ్ముడూ అనాలో ఇంతవరకూ తేలలేదు గదరా" అనేవాడు, ఎరీసా గడప తొక్కిన ప్రతిసారీ. "నువ్వు మావాడివే అయ్యుంటే ఏం చేస్తావు?"

"మీవాణ్ణయితే నీ కాఫీ తోటలో వాటా అడుగుతా."

"అమ్మో, అయితే నువ్వు బావవే."

ఒక వంశంలో పుట్టినవాళ్ళు ఎన్ని తరాలు ఎడమైనా అన్నాచెల్లెళ్ళే. వాళ్ళ మధ్య పెళ్ళి మాట తలవడం కూడా తప్పు. అందుకే ఆ హాస్యానికి అందరూ అంత నవ్వేవాళ్ళు.

లోసీరా నవ్వేది కాదు. ఎరీసా తాతను వెతకడంలో అతనికన్నా ఆమెకే పట్టుదల. ఏ ఊరికి పోతున్నాడో కనుక్కుని, అక్కడ ఫలానా ముసలామె ఉందట, ఫలానా వాళ్ళ అమ్మమ్మ దీవుల మనిషట అని చెప్పి పంపేది. తిరిగి రాగానే చేతికి నీళ్ళిస్తూ, "దొరికాడా?" అని అడిగేది. పొలం నుంచి వచ్చిన వాణ్ణి వాన పడిందా అని అడిగినంత మామూలుగా.

దీవులకు కూడా ఎరీసా రెండుసార్లు పోయాడు. జనం తిరిగి చేరుకున్నాక అక్కడ ఇళ్ళు లేచాయి. కనిపించిన ముసలివాళ్ళందర్నీ సాలోంగో గురించి అడిగాడు. "ఏ సాలోంగో నాయనా? ఈ దీవిలోనే ఏడుగురుండేవాళ్ళు" అన్నారు. తండ్రి పొలంలో చెప్పిన కాటో సంగతిని మాత్రం అతను ఎక్కడా బయట పెట్టలేదు. ఎగిరిపోయిన బిడ్డను తలవకూడదని చిన్నప్పటి నుంచి నూరిపోస్తే, మనిషి తన చేతిలో ఉన్న ఒక్క ఆధారాన్నీ అలాగే మింగేసి కూర్చుంటాడు. మన మర్యాదలు మనల్ని ఇంత పని చేస్తాయి.

యాభై ఆరో ఏట, బుకాసా దీవిలో ఆడవాళ్ళ సంఘానికి మూడు మిషన్లు ఆగిపోయాయని కబురొస్తే ఎరీసా పడవెక్కాడు. రెండు మధ్యాహ్నానికే బాగయ్యాయి. మూడోది అగిరిపీనా అనే ముసలామె ఇంట్లో ఉంది. తొంభైకి దగ్గర పడింది, కళ్ళు మసక, నోరు మాత్రం వాడిగా ఉంది. అతను వరండాలో మిషను విప్పుతుంటే ఆమె చాప మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తూ కబుర్లు చెప్తోంది.

"మా మనవడు మసాకా వచ్చి ఉండమంటాడు. నేను పడవెక్కను గాక ఎక్కను."

"ఎందుకవ్వా? నేనిప్పుడే ఎక్కొచ్చా. బానే ఉంది."

"ఆరేళ్ళప్పుడు ఎక్కా, మళ్ళీ తిరిగి రావడానికి ఎక్కా. చాలు. దీవులు ఖాళీ చెయ్యమన్నారు గదా, అప్పుడు. మా మేనమామ పడవ అది. అత్త ఒళ్ళో ఇద్దరు పిల్లలు. సగం దారిలో కాటో ఎగిరిపోయాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఏడవకూడదు గదా. ఏడిస్తే రెండోవాడూ పోతాడాయె. పడవలో ఒక్కళ్ళు కూడా నోరు తెరవలా. అత్త పెదవి కొరుక్కుంటా కూచుంది. రక్తం కారింది. వంగి నీళ్ళతో కడుక్కుంది. నాకిప్పటికీ ఆ చెయ్యే కనపడుద్ది."

ఎరీసా చేతిలోని స్క్రూ జారి నేల మీద పడింది. దాన్ని వెతుక్కోలేదు.

"ఆ రెండోవాడు ఏమయ్యాడవ్వా?"

"వాస్వానా? ఒడ్డుకొచ్చాక అత్త జబ్బువాళ్ళ శిబిరంలో పోయింది. మామని వేరే శిబిరంలో ఉంచారు. పిల్లాణ్ణి మిషన్ పంతులికిచ్చారు."

"మీ మేనమామ పేరు?"

"సాలోంగో."

ఏడవాలో నవ్వాలో అతనికి తెలియలేదు. "అది కాదవ్వా. అసలు పేరు."

"పేరు పెట్టి పిలవకూడదురా. కవలల తండ్రి."

"నువ్వు పిలవద్దు. నాకు చెప్పు, అంతే. నేను ఆ వాస్వా కొడుకుని."

ముసలామె వేరుశనగల చేట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద జరిగి వచ్చి రెండు చేతుల్తోనూ అతని ముఖం తడిమింది. "చెవులు ఎవరివో నాకు తెలీదు. ముక్కు మాత్రం మా మామదే. పాపం, ఇంత లావు ముక్కు నీకూ వచ్చింది." అలా పట్టుకునే చెప్పింది. "ముగలూలా."

ఎరీసా ఆ పేరును పలికి చూశాడు. మళ్ళీ పలికాడు. ముగలూలా తండ్రి పేరు, అతని తండ్రి పేరు, ఆ పైన ఇద్దరివీ ఆమె చెప్తుంటే ఒక్కొక్కటీ వెంట చెప్పాడు. యాభై ఆరేళ్ళ మనిషి బడిపిల్లాడిలా అప్పజెప్తుంటే అగిరిపీనా తప్పులు దిద్దింది. అతనికి తన తండ్రి గుర్తొచ్చాడు. ఇంక ఆయన ఎవర్ని పిలవాలో ఆయనకు తెలుసు అనుకున్నాడు.

"మామ వెతక్కుండా ఉంటాడా?" అందామె. "దీవికి తిరిగొచ్చాక ఆర్నెల్లు అవతలి ఒడ్డునే తిరిగాడు. పంతులు వేరే మిషన్‌కి మారిపోయాడంట. వాస్వా కావాలి అంటే, ఏ వాస్వా అని అడిగేవాళ్ళంట. ఇంటింటికీ ఓ వాస్వా. ఎంతమందినో చూసొచ్చాడు. ఒక్కడూ వాడు కాదు. తర్వాత ఈ గుమ్మంలోనే కూచునేవాడు, ఒడ్డు వైపు తిరిగి. పోయేదాకా అంతే."

మనవడు తాతను ఎలాంటి పేరుతో వెతికి ఓడిపోయాడో, ఆ తాత కూడా తన కొడుకుని అలాంటి పేరుతోనే వెతికి ఓడిపోయాడు. ఎరీసా ఆ గుమ్మం వైపు చూశాడు. తలుపు రెక్కకు ఆనుకుని ఒక కోడి కూర్చుని ఉంది.

"ఇంతకీ ఇన్నాళ్ళూ మిడతలు తిన్నావా?" ముసలామె నవ్వుతూ అడిగింది.

"తిన్నా. ఎందుకూ?"

"మీకవి తిండి కాదురా. మీరు మిడతలవాళ్ళు. మా అమ్మ పుట్టిల్లు. తెలీక తిన్నావులే, దోషం లేదు." ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "నీ పెళ్ళాం ఎవరింటి పిల్ల?"

ఎరీసా వంగి కింద పడిన స్క్రూ కోసం వెతకసాగాడు. దొరికాక కూడా కాసేపు వెతికాడు. "పడవ వేళవుతోంది అవ్వా" అన్నాడు.

"వంశం పెద్దలకి కబురు పంపుతా. నిన్ను చూస్తే ఎగిరి గంతేస్తారు."

"ఇప్పుడే వద్దు. నేను వచ్చినప్పుడు చెప్తా."

"నా దగ్గర అంత కాలం లేదు నాయనా" అందామె. అతను మిషను బిగించి, చక్రం తిప్పి చూపించి, ఆమె పాదాల దగ్గర మోకరిల్లి వచ్చేశాడు.

పడవలో అతను నీళ్ళ వైపు చూడలేదు. ముప్పై రెండేళ్ళ కాపురం. నలుగురు పిల్లలు. లోసీరా అతనికి చెల్లెలని ఇప్పుడు పెద్దలు చెప్తారు. దోషం పోవడానికి మేకను కోస్తారు, ఆమెను దమియానో ఇంటికి పంపేస్తారు, అంతా చాలా ప్రేమగా, కన్నీళ్ళు పెట్టుకుంటూ చేస్తారు. ఇలాంటి పనుల్లో మన పెద్దలు ఎంత దయగలవాళ్ళో నేను చూశాను. పిల్లల సంగతి ఎరీసా మళ్ళీ మళ్ళీ ఆలోచించాడు. తల్లి వంశంలోకి కూడా పెళ్ళి చేసుకోకూడదు మనకు. కాబట్టి వాళ్ళు మిడతలవాళ్ళ జోలికి ఎలాగూ పోరు. తను నోరు మూసుకుంటే పిల్లలకు వచ్చే ముప్పు లేదు. పేరు లేకుండా పోయేది ఒక్క ముగలూలాయే. ఆ గుమ్మంలో కూర్చున్న మనిషికి ఎనభై ఏళ్ళ తర్వాత ఒక మనవడు దొరికాడు, దొరికినవాడు నోరు విప్పడు. ఒడ్డు చేరేసరికి ఎరీసాకు ఎప్పుడూ లేనంత అలసట వచ్చింది.

లోసీరా చేతికి నీళ్ళిస్తూ అడిగింది. "దొరికాడా?"

"మిషన్లు మూడూ బాగయ్యాయి."

"నేనడిగింది మిషన్ల సంగతా?"

"దొరకలేదు" అన్నాడు.

ఆమె ఆకుల్లో ఉడికించిన మటోకే అరటి ముద్ద విప్పి అతని ముందు పెట్టింది. తర్వాత అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఇంకా దీవులున్నాయిగా. వచ్చేసారి నేను కూడా వస్తా. ఆడమనిషి అడిగితే ఆడవాళ్ళు చెప్తారు." ఎరీసా తల వంచుకుని తిన్నాడు. ఆమె అంత మంచిగా మాట్లాడకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆ నవంబరులో మిడతలు విరగబడి దిగాయి. బజారులో బేసిన్ల కొద్దీ అమ్ముతుంటే ఎరీసా తల తిప్పుకుని పోయాడు. పెరట్లో మూడు రాళ్ళు పెట్టలేదు. "పన్ను నొప్పి" అన్నాడు. లోసీరా అతని దవడ వైపు చూసింది, లవంగం తెచ్చిచ్చింది, ఆ రోజు పక్కింటికి పోలేదు. తర్వాత ఏడాది కూడా పన్ను నొప్పే. అప్పుడు ఆమె లవంగం తేలేదు, ఏమీ అడగలేదు. దీవుల మాట మాత్రం ఆ తర్వాత ఆమె నోటి నుంచి రాలేదు.

అప్పటి నుంచి ఎరీసాకు ఒక అలవాటైంది. మిషను బాగుచేశాక సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి ఉత్త గుడ్డ ముక్క పెట్టి గట్టిగా తొక్కేవాడు. ఆ చప్పుడులో పెదాలు కదిపేవాడు. నేను ఎరీసా. నా తండ్రి వాస్వా. అతని తండ్రి ముగలూలా. అతని తండ్రి, ఆ పైన, ఆ పైన. చివరిదాకా చెప్పి కాలు ఆపేవాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడనుకునేవాళ్ళు ఆడవాళ్ళు. అరగంటలో అయ్యే పనికి గంట తీసుకుంటున్నాడని కూడా అనుకున్నారు.

ఆ మరుసటి ఏడు చిన్న కూతురు సికోలాను అడగడానికి మగపెళ్ళివారు వచ్చారు. పుట్టగొడుగుల వంశం, మర్యాదస్తులు. బుట్టల్లో పళ్ళు, ఆడవాళ్ళు కట్టే గొమెసి బట్టలు, ఒక కోడిపుంజు, అన్నీ తెచ్చారు. పందిట్లో ఒకవైపు వాళ్ళు, ఒకవైపు వీళ్ళు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద. వాళ్ళ తరఫు పెద్దాయన చేతికర్ర ఊతంగా నిలబడి ఐదు తరాలు గడగడా చెప్పి, "మేమెవరమో చెప్పుకున్నాం. మేం ఎవరి పిల్లను తీసుకుపోతున్నామో కూడా వినిపోతే బాగుంటుంది" అన్నాడు.

ఇలాంటప్పుడు ఎరీసా తరఫున వేరొకరు లేచి ఏదో ఒకటి చెప్పి దాటేసేవాళ్ళు. ఈసారి ఎరీసాయే లేచాడు. తెల్లటి కంజు అంగీ సర్దుకున్నాడు.

"నేను ఎరీసా. నా తండ్రి వాస్వా. అతని తండ్రి సాలోంగో."

"ఏ సాలోంగో అయ్యా?" పెద్దాయన చెవి ముందుకు పెట్టి అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే వినిపించలేదేమోనని.

ఎరీసా నాలుక మీద ఆ పేరు సిద్ధంగా ఉంది. మూడు అక్షరాలకు ఒక్కటి ఎక్కువ. పలికితే చాలు, వెనక నలుగురు మగవాళ్ళు వరసగా లేచి నిలబడతారు. బతికినన్నాళ్ళూ కోరుకున్నది ఇదే, ఇంతమంది మధ్య, ఇలా అడిగితే చెప్పడం. అతను చాప వైపు చూశాడు. లోసీరా తల ఎత్తలేదు. చాప అంచు పోగును వేలికి చుట్టుకుంటోంది, గట్టిగా, వేలు ఎర్రబడేటట్టు.

"తెలియదండీ" అన్నాడు.

జనం ఎప్పటిలాగే నవ్వారు. దమియానో ఏదో అన్నాడు, ఇంకా నవ్వారు. ఎరీసా కుర్చీల వైపు వెళ్ళలేదు. పందిరి మధ్యలోంచి నడిచి ఆడవాళ్ళ చాప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మగవాడు అక్కడికి రాకూడదు. ఒకరిద్దరు వదినలు నోరు నొక్కుకున్నారు.

లోసీరా పక్కకు జరిగింది.

"నోటిదాకా వచ్చింది గదూ?" అంది, అతనికి మాత్రమే వినపడేలా.

"ఏంటి?"

"ఏం లేదు. కూచో."